జబ్బు రాని ఇంటి తలుపు

ఎండీ రెండో ఏడాదిలో ఉండగా మొదటిసారి ఒక ఊళ్లో డయేరియా చూడటానికి వెళ్లాను. కాలువ కింద ఊరు, మే నెల. బడిలో మెడికల్ క్యాంపు పెట్టారు. బెంచీలు రెండేసి కలిపి మంచాలు చేశారు, కిటికీ ఊచలకి సెలైన్ సీసాలు వేలాడుతున్నాయి. నా చేతిలో ప్రశ్నల ఫారం ఉంది. మంచం మంచానికీ వెళ్లి అడిగాను. ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు అయ్యాయి, వాంతులు ఉన్నాయా, ఏం తిన్నారు, ఏ నీళ్లు తాగారు? చివరి ప్రశ్నకి అందరూ ఒకటే చెప్పారు. ట్యాంకు నీళ్లు.

ఒక్కరు కూడా తేడా చెప్పకపోతే ఇంకేం కావాలి? సాయంత్రానికల్లా ‘కలుషిత నీటి సరఫరా వల్ల’ అని రిపోర్టు రాసేశాం. ట్యాంకు ఖాళీ చేయించి, కడిగించి, బ్లీచింగ్ కలిపించాం. ట్యాంకు కింద కుళాయి దగ్గర నేనే క్లోరోస్కోప్‌తో చూశాను. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరిగింది. అంటే క్లోరిన్ ఉన్నట్టు. ఆ పసుపు చూసి ఎంత గర్వపడ్డానో ఇప్పటికీ గుర్తుంది.

రెండు రోజులు గడిచినా కొత్త కేసులు ఆగలేదు.

ఆ ఊళ్లోనే కాపురం ఉండే ఏఎన్ఎం ఒకావిడ, నలభై దాటిన మనిషి, బిందెలో ఓఆర్ఎస్ కలుపుతూ తలెత్తకుండానే అంది: “మేడమ్, మా వీధి కూడా ఆ ట్యాంకు నీళ్లే తాగుతుంది. మా వీధిలో ఒక్కరికీ రాలేదు.”

దానికి నేనిచ్చిన జవాబు ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది. “మీ అదృష్టం అమ్మా” అన్నాను.

రాత్రి బస్సులో వెనక్కి వస్తుంటే ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. కేస్ కంట్రోల్ స్టడీ గురించి అప్పటికి నేను పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. జబ్బు వచ్చినవాళ్లని, రానివాళ్లని పక్కపక్కన పెట్టి, ఇద్దరికీ మధ్య తేడా ఏమిటో వెతకాలి. పేజీలకి పేజీలు రాసిన నేనే, బడిలో మంచాల చుట్టూ రెండు రోజులు తిరిగి, జబ్బు రానివాళ్లలో ఒక్కరిని కూడా పలకరించకుండా వచ్చేశాను. ట్యాంకు నీళ్లు తాగని మనిషి ఆ ఊళ్లో ఎవరున్నారు కనక? రోగులందరూ తాగారు నిజమే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లూ తాగారు. ఇంకా చెప్పాలంటే, రోగులందరూ చొక్కాలు వేసుకుంటారు, చీరలు కట్టుకుంటారు కూడా.

మర్నాడు పొద్దున్నే ఏఎన్ఎంని వెంటబెట్టుకుని ఆవిడ ఉండే ఎగువ వీధికి వెళ్లాను. మొదటి ఇంటి తలుపు తట్టి, “మీ ఇంట్లో ఎవరికైనా మోషన్స్ అయ్యాయా?” అన్నాను. “మాకేం లేదమ్మా, పల్లపు వీధికి వెళ్లండి” అని తలుపేసుకున్నారు. రెండో ఇంట్లోనూ అదే జవాబు. మూడో ఇంటి దగ్గర ఏఎన్ఎం నన్ను పక్కకి జరిపి ముందుకెళ్లింది. “పిన్నీ, మీకు రాలేదనే వచ్చాం. మీకెందుకు రాలేదో తెలిస్తే వాళ్లకి పనికొస్తుంది” అంది. నులక మంచం వాల్చారు, మజ్జిగ ఇచ్చారు. ఆ తర్వాత ఆ వీధిలో ఏ ఇల్లూ మాకు తలుపెయ్యలేదు.

ఆ ఇళ్లలో కుళాయి నడుమెత్తున ఉంది. పల్లపు వీధిలో కుళాయి కనబడదు. గుంతలో ఉంటుంది. పైపు చివరికి నీళ్లు వచ్చేసరికి ప్రెషర్ ఉండదు, నడుమెత్తు దాకా ఎక్కవు. అందుకని అక్కడి వాళ్లు మోకాలి లోతు గొయ్యి తీసి, పైపుని నేలమట్టం కంటే కిందకి దించి, అందులో దిగి బిందె పెట్టుకుంటారు. గోతి పక్కనే మురుగు కాలువ. నీళ్లు పొద్దున ఒక గంట వస్తాయి. సరఫరా ఆగాక పైపు ఖాళీ అవుతూ గాలిని లోపలికి పీలుస్తుంది. గోతిలో మురుగు నిలిచి ఉంటే, మూత లేని ఆ కుళాయి గాలికి బదులు దాన్నే పీలుస్తుంది. మర్నాడు మొదటి బిందెలో అదే వస్తుంది. ట్యాంకు దగ్గర పసుపు తిరిగిన నా క్లోరోస్కోప్, ఆ గుంతలో పట్టిన నీళ్లలో ఏ రంగూ చూపించలేదు. ట్యాంకుని వందసార్లు కడిగినా ఆ ఊళ్లో డయేరియా ఆగేది కాదు.

తర్వాత చాలా ఏళ్లుగా ఏఎన్ఎంలకి, హెల్త్ అసిస్టెంట్లకి, మెడికల్ ఆఫీసర్లకి ఈ పని నేర్పే శిక్షణల్లో పాఠాలు చెబుతున్నాను. ఎక్కడైనా జబ్బు ఒక్కసారిగా చెలరేగితే కారణం ఎలా వెతకాలి అన్న పాఠం. ఈ శిక్షణల్లో నేర్పడానికి అన్నిటికంటే కష్టమైనదీ, మనం అసలు నేర్పకుండా వదిలేసేదీ ఒకటే. జబ్బు రాని ఇంటి తలుపు తట్టడం. నా పోట్లాటంతా దాని గురించే.

ఈ విద్యకి ఆద్యుడని చెప్పే జాన్ స్నో కథ అందరికీ తెలుసు. 1854, లండన్, బ్రాడ్ స్ట్రీట్, కలరా. చనిపోయినవాళ్ల ఇళ్లని మ్యాపులో గుర్తు పెడితే అన్నీ ఒక చేతిపంపు చుట్టూ కనబడ్డాయి, దాని పిడి తీయించేశాడు. మన స్లైడ్లలో కథ ఇక్కడితో అయిపోతుంది. కానీ స్నో నమ్మకం గట్టిపడింది చావులు లేని చోట్ల చూశాకే. ఆ పంపు పక్కనే బీరు తయారుచేసే కార్ఖానా ఉంది. 70 మందికి పైగా పనివాళ్లున్నా ఒక్కరూ కలరాతో చావలేదు. వాళ్లకి బీరు ఉచితంగా ఇస్తారు, పంపు నీళ్లు తాగే పనే పడదు, పైగా కార్ఖానాకి సొంత బావి ఉంది. దగ్గర్లోనే ఒక బీదల ఆశ్రమం, 535 మంది ఉంటారు. చుట్టుపక్కల ఇళ్లన్నీ శవాలతో నిండుతుంటే అక్కడ చనిపోయింది ఐదుగురు. దానికీ సొంత బావే. మ్యాపు మీద చుక్కలు లేని ఆ రెండు చోట్లు లేకపోతే, “ఆ పేటలో గాలే మంచిది కాదు” అన్నవాళ్లకి స్నో దగ్గర గట్టి జవాబు ఉండేది కాదు.

సరే, మన శిక్షణ ఎలా జరుగుతుందో చెప్తాను. జిల్లా కేంద్రంలో ఒక హాలు. పదింటికి అంటే పదకొండున్నరకి మొదలు. ఉప్మా, టీ, రిజిస్టర్లో సంతకం. ‘వ్యాధి విజృంభణ పరిశోధనలో పది మెట్లు’ అని ఒక స్లైడు, అదీ ఇంగ్లిషులో. మొదటి మెట్టు ఫీల్డుకి సిద్ధం కావడం, రెండోది విజృంభణ నిజమేనా అని నిర్ధారించుకోవడం, ఇలా సాగుతుంది. ఆరో మెట్టు దగ్గర కరెంటు పోతుంది. భోజనం. తర్వాత ఆన్‌లైన్ ఫారాలు ఎలా నింపాలో ఇంకొకరు చెప్తారు. నాలుగింటికి టీఏ బిల్లు. ఇంటికి వెళ్లాక ఏఎన్ఎంకి గుర్తుండేది ఫారం ఒక్కటే, ఎందుకంటే మర్నాడు ఆమెని అడిగేదీ దాని గురించే.

ఫారాలు వద్దని నేననడం లేదు. 2004 నవంబర్లో ఐడీఎస్పీ అనే జబ్బుల నిఘా కార్యక్రమం మొదలవక ముందు దేశంలో ఏ ఊళ్లో ఏ జబ్బు చెలరేగుతోందో వారం వారం తెలిసే ఏర్పాటే సరిగా లేదు. ఏఎన్ఎం నింపే ఎస్ ఫారం, డాక్టరు నింపే పీ ఫారం, ల్యాబు నింపే ఎల్ ఫారం, ఇప్పుడు అవన్నీ ఐహెచ్ఐపీ అని ఆన్‌లైన్లోకి వచ్చాయి. మంచిదే. ఫలానా ఊళ్లో ఏదో జరుగుతోందని అవి గంట కొడతాయి. కానీ గంట విని పరిగెత్తే మనిషికి, వెళ్లాక ఏం అడగాలో ఫారం నేర్పదు.

ప్రపంచమంతటా ఈ పాఠానికి వాడే ఒక పాత లెక్క ఉంది. 1940లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, ఓస్వేగో కౌంటీలో ఒక చర్చి విందు. తిన్నవాళ్లలో 75 మందిని అడిగితే 46 మంది ఆ రాత్రి వాంతులు విరేచనాలతో పడ్డారని తేలింది. ఎవరెవరు ఏమేం తిన్నారో జాబితా ఇచ్చి, దోషి ఏదో కనిపెట్టమంటారు. నేనూ మొదట్లో ఆ లెక్కని అలాగే చెప్పేదాన్ని. కాల్చిన పంది మాంసం, వెనీలా ఐస్‌క్రీమ్ అంటుంటే వెనక వరసలో ఆవలింతలు. ఒకసారి విసుగొచ్చి, అంకెలు అవే ఉంచి, విందుని పెద్దకర్మ భోజనంగా మార్చేశాను. పంది మాంసం గుమ్మడికాయ పులుసు అయింది, ఐస్‌క్రీమ్ సేమ్యా పాయసం అయింది. హాలు లేచి కూర్చుంది.

మొదట రోగుల జాబితా మాత్రమే ఇస్తాను. 46 మంది రోగుల్లో 29 మంది పులుసు తిన్నారు. “పులుసే మేడమ్, సగం కంటే ఎక్కువమంది తిన్నారు” అంటారు. అప్పుడు జబ్బు పడని 29 మంది జాబితా ఇస్తాను. లెక్క తిరగేస్తే, పులుసు తిన్నవాళ్లలో 100కి 63 మంది పడ్డారు, తిననివాళ్లలో 100కి 59 మంది పడ్డారు. తిన్నా తినకపోయినా ఒకటే. అదే పాయసం దగ్గరకి వస్తే, తిన్న 54 మందిలో 43 మంది పడ్డారు. తినని 21 మందిలో ముగ్గురే. రెండో జాబితా చేతికిచ్చినప్పుడు హాల్లో “ఓ...” అని ఒక శబ్దం వస్తుంది చూడండి, ఆ శబ్దం కోసమే నేను ఈ శిక్షణలకి వెళ్తాను. టీఏ బిల్లు కోసం కాదులెండి, అది ఎలాగూ రాదు.

వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు. “తినకుండానే ఆ ముగ్గురికి ఎలా వచ్చింది మేడమ్?” నేను జవాబు చెప్పను, వాళ్లనే చెప్పమంటాను. “గరిటె ఒకటే వాడి ఉంటారు” అంటారు ఒకరు. “వాళ్ల విరేచనాలకి వేరే కారణం ఉండొచ్చు” అంటారు ఇంకొకరు. ఒక శిక్షణలో వెనక నుంచి ఒక హెల్త్ అసిస్టెంట్ లేచి, “ఆయనకి షుగరు ఉండి ఉంటుంది మేడమ్. పక్కన భార్య నిలబడి ఉంటే పాయసం తిన్నానని ఎలా చెప్తాడు?” అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ అబ్బాయి చెప్పిన సంగతికి మా పుస్తకాల్లో ఒక పెద్ద పేరుంది, సమాచార దోషమనో ఏదో. అతనికి ఆ పేరు తెలియక్కర్లేదు, సంగతి తెలుసు. ఊళ్లో మనుషులు నిజం ఎప్పుడు చెప్పరో మా ప్రొఫెసర్ల కంటే వీళ్లకి బాగా తెలుసు. మనం నేర్పాల్సింది ఆ తెలివిని రెండు జాబితాల్లో పెట్టడం ఎలాగో, అంతే.

ఇదంతా పెళ్లి భోజనాలకీ పెద్దకర్మలకీ సరిపోయే విద్య అనుకుంటారేమో, ముజఫర్‌పూర్ సంగతి వినండి. బీహార్లో ఆ జిల్లాలో ఏటా మే, జూన్ నెలల్లో పిల్లలు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి చనిపోతూ ఉండేవారు. ఏళ్ల తరబడి మెదడువాపు అన్నారు. వైరస్ కోసం వెతికారు, దొరకలేదు. ఎండదెబ్బ అన్నారు, పురుగుమందు అన్నారు. 2014 సీజన్లో ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం (ఎన్సీడీసీ), అమెరికాలో అలాంటి సంస్థే అయిన సీడీసీ కలిసి అక్కడి రెండు ఆసుపత్రుల్లో చేరిన 390 మంది పిల్లలని చూశాయి. వాళ్లలో 122 మంది చనిపోయారు. అక్కడ లిచీ తోటలు ఎక్కువ, సీజనూ అదే. అయితే ఆ ఊళ్లలో లిచీ తినని పిల్లలు ఎవరుంటారు? మన పల్లెల్లో మే నెలలో మామిడికాయ తినని పిల్లాడిని వెతికినట్టే.

అందుకే వాళ్లు 104 మంది జబ్బు పిల్లలకి తోడు, అదే వయసులో వేరే కారణాలతో ఆసుపత్రికి వచ్చిన 104 మంది పిల్లల తల్లిదండ్రులని కూడా అవే ప్రశ్నలు అడిగారు. ముందు రోజు లిచీ తిన్నాడా? రాత్రి అన్నం తిన్నాడా? లిచీకి జబ్బుతో గట్టి సంబంధమే తేలింది, రానివాళ్లతో పోలిస్తే 9.6 రెట్లు. రెండో తేడా నా మనసుని ఎక్కువ కలచివేస్తుంది. జబ్బు పడిన పిల్లల్లో రాత్రి ఏమీ తినకుండా పడుకున్నవాళ్లు ఎక్కువ. పగలంతా తోటల్లో లిచీలు తిని, రాత్రి అన్నం లేకుండా పడుకుంటే, ఆ పండులో ఉండే ఒక రకం విషపదార్థం ఖాళీ కడుపుతో ఉన్న పిల్లల ఒంట్లో చక్కెర తయారు కాకుండా అడ్డుకుంటుంది. తెల్లారేసరికి చక్కెర పడిపోయి ఫిట్స్. లిచీ తిని, రాత్రి అన్నం కూడా తిన్న పిల్లలకి ముప్పు తక్కువ. ఆ పిల్లలని అడగకపోతే అన్నం మాట ఎవరికీ తట్టేది కాదు.

మన దగ్గరా పేరు తొందరగా పెట్టేయడం ఉంది. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపుతో 329 మంది పిల్లలు ఆసుపత్రుల్లో చేరారు, 183 మంది చనిపోయారు. మెదడువాపు అనగానే అందరి నోటా జపనీస్ ఎన్సెఫలైటిస్ మాటే. తీరా పూణేలో వైరాలజీ సంస్థ వాళ్లు చూస్తే అది చాందీపురా వైరస్. మహారాష్ట్రలో ఆ పేరుగల ఊళ్లో 1965లో మొదట దొరికింది, ఇసుక ఈగలు మోసుకొస్తాయి. జపనీస్ ఎన్సెఫలైటిస్‌ని దోమలు మోస్తాయి. ఏది ఏదో తెలియకపోతే మందు ఎక్కడ కొట్టాలో కూడా తెలియదు.

ఇన్ని చెప్పి ఏలూరు గురించి చెప్పకపోతే నిజాయితీ అనిపించుకోదు. 2020 డిసెంబర్ మొదటి వారంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి కళ్లు తిరిగి, ఫిట్స్ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే వందలమంది ఆసుపత్రికి వచ్చారు. కరోనా రోజులు, ఏ ఛానెల్ పెట్టినా ‘వింత వ్యాధి’. మొదట నీళ్ల మీద అనుమానం. మున్సిపల్ నీళ్లు వాడనివాళ్లూ పడిపోయారని తెలిసేసరికి ఆ అనుమానం చిక్కులో పడింది. ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ చూశారు. మరికొన్ని సంస్థలు పురుగుమందుల వైపు వేలెత్తాయి. అవి ఒంట్లోకి ఏ దారిన వెళ్లాయన్నది జనానికి తృప్తిగా ఎవరూ చెప్పలేకపోయారు. మహామహా సంస్థలు దిగాయి, రక్తం, నీళ్లు, పాలు, కూరగాయలు అన్నీ పరీక్ష చేశాయి. నా గోల ఒకటే. జబ్బు కొన్ని గంటల్లో తగ్గిపోయి జనం ఇంటికి వెళ్లిపోతున్నప్పుడు, మొదటి రెండు రోజులే అసలు సమయం. ఆ రెండు రోజుల్లో ఒకే వీధిలో పడినవాళ్ల పక్కన పడనివాళ్లని కూర్చోబెట్టి, నిన్నా మొన్నా ఏం తిన్నారు, ఏం కొన్నారు అని అడగగలిగేది ఎవరు? ఢిల్లీ నుంచి విమానంలో వచ్చేవాళ్లకి అది సాధ్యం కాదు. ఆ వార్డు ఏఎన్ఎంకి, ఆశా కార్యకర్తకి, అప్పట్లో ఉన్న వాలంటీరుకి సాధ్యం. వాళ్లకి ఆ విద్య ముందే వచ్చి ఉండాలి. ఫిట్స్ వస్తున్న ఊళ్లో కూర్చుని కొత్తగా నేర్చుకోవడం కుదరదు.

“ఇదంతా ఎపిడెమియాలజిస్టుల పని, ఏఎన్ఎంకి ఎందుకు?” అని పెద్దవాళ్లే అంటారు. ఎపిడెమియాలజిస్టులంటే జబ్బు ఎలా పాకిందో వెతికే నిపుణులు. లెక్క చూద్దాం. 2 లక్షల జనాభాకి ఒక శిక్షణ పొందిన ఫీల్డ్ ఎపిడెమియాలజిస్టు ఉండాలని అంతర్జాతీయంగా పెట్టుకున్న లక్ష్యం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం 8.46 కోట్లు. ఆ లెక్కనే రెండు రాష్ట్రాలకీ కలిపి 420 మందికి పైగా కావాలి. అమెరికాలో ఈ శిక్షణ 1951లోనే మొదలైంది, కొరియా యుద్ధం రోజుల్లో, శత్రువు క్రిములు వదులుతాడేమో అన్న భయంతో. వాళ్ల గుర్తు ఏమిటో తెలుసా? చిల్లు పడిన బూటు అడుగు. ఇల్లిల్లూ తిరిగి అరిగిపోయిందన్నమాట. మన దేశంలో చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థలో 2001 నుంచి రెండేళ్ల కోర్సు నడుస్తోంది, ఢిల్లీ ఎన్సీడీసీలో 2012లో ఇంకొకటి మొదలైంది. ఆ కోర్సులు చేసి వచ్చినవాళ్లలో కొందరితో పనిచేశాను, బంగారం లాంటి మనుషులు. ఒక్కో బ్యాచికి ఎంతమంది? పెళ్లి పంక్తిలో ఒక వరస. రెండేళ్ల కోర్సు అందరికీ కుదరదనే ప్రపంచంలో చాలాచోట్ల మూడు నెలల కోర్సు పెట్టారు, ఉద్యోగం చేసుకుంటూనే నేర్చుకునేది. కొన్నాళ్లు క్లాసు, తర్వాత ఎవరి ఊళ్లో వాళ్లు నిజం కేసు పట్టుకుని పని, మళ్లీ క్లాసుకి వచ్చి చూపించడం. నేను అడిగేది దానిలో పదో వంతు, తెలుగులో.

పని భారం సంగతి నాకు తెలుసు. సబ్‌సెంటర్ అంటే 5 వేల జనాభా, ఏజెన్సీలో 3 వేలు. టీకాలు, గర్భిణులు, బీపీ షుగర్లు, ఒక్కో పథకానికి ఒక్కో యాప్. ఒక ఏఎన్ఎం నాకు తన ఫోన్ చూపించి, “ఇందులో ఆఫీసు యాప్‌లు తీసేస్తే నా మనవడి ఫొటోలకి చోటు ఉంటుంది మేడమ్” అంది. ఆమెకి ఇంకో రిజిస్టర్ ఇవ్వమనడం లేదు నేను. ఒక నోటుబుక్కు చాలు. ఎడమ పేజీ వచ్చినవాళ్లకి, కుడి పేజీ రానివాళ్లకి. అవే పది ప్రశ్నలు రెండు వైపులా. ఏడాదిలో ఆమెకి ఆ పని పడేది రెండు మూడుసార్లే ఉండొచ్చు. పడినప్పుడు మాత్రం ఆ రెండు రోజులు యాప్‌ల నుంచి సెలవివ్వాలి.

నేర్పే పద్ధతి కూడా పెద్ద ఖర్చు కాదు. కంప్యూటర్లో గ్రాఫు గీయడం రానివాళ్లకి నేను చింతపిక్కలు ఇస్తాను. నేల మీద సుద్దతో తేదీలు రాస్తాం. జబ్బు మొదలైన రోజు ఏదైతే దాని మీద ఒక్కొక్కరికి ఒక్కో పిక్క. పిక్కలు ఒకే రోజున కుప్పగా లేచి మర్నాటికి పడిపోతే, అందరూ ఒకే పూట ఏదో ఒకటి తిన్నట్టు లెక్క, విందు ఎక్కడ జరిగిందో అడగాలి. రోజూ సమానంగా పిక్కలు పడుతుంటే విషం ఇంకా వస్తూనే ఉందన్నమాట, నీళ్లు చూడాలి. చిన్న కుప్ప, కొన్ని రోజుల ఖాళీ, మళ్లీ పెద్ద కుప్ప అయితే మనిషి నుంచి మనిషికి పాకుతోందేమో. దీనికి ముందు జబ్బు ఎప్పుడు మొదలైందో సరిగ్గా అడగడం రావాలి. “ఎన్నింటికి మొదలైంది?” అంటే “చీకటి పడ్డాక” అంటారు. మా ఏఎన్ఎంలు వెంటనే “సీరియల్‌కి ముందా, సీరియల్ అయ్యాకా?” అంటారు. సమయం దొరికిపోతుంది. ఈ చిట్కా ఏ మాన్యువల్‌లోనూ ఉండదు.

ఇంకోటి, శాంపిల్. యాంటీబయాటిక్ మాత్ర పడకముందే మల నమూనా తీసి, క్యారీ బ్లెయిర్ అనే మాధ్యమం ఉన్న గొట్టంలో పెట్టి పంపాలి. ఓఆర్ఎస్, సెలైన్ దేనికీ ఆగక్కర్లేదు, ప్రాణం ముందు. మాత్రకి ముందు స్వాబ్ తీయడానికి పట్టేది రెండు నిమిషాలు. మనం మూడో రోజు, ఊరంతటికీ మాత్రలు పంచాక, శాంపిల్స్ తీస్తాం. ల్యాబు నుంచి ‘ఏ క్రిమీ పెరగలేదు’ అని వస్తుంది. పేపర్లో ‘అంతుచిక్కని వ్యాధి’ అని వస్తుంది.

ఇక అసలు అడ్డంకి హాల్లో కూర్చున్నవాళ్లలో లేదు. ఒక హెల్త్ అసిస్టెంట్ ఒకసారి రిపోర్టులో ‘కలరా అనుమానం’ అని రాశాడు. పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. “ఆ మాట ఎవడు రాయమన్నాడు నిన్ను? ఏడీడీ అని రాయి.” అంటే అక్యూట్ డయేరియల్ డిసీజ్. పేరు మారిస్తే క్రిమి మారదు కదా, శాంపిల్ పంపే తొందర మాత్రం తగ్గిపోతుంది. ఆ అబ్బాయి తర్వాత నా శిక్షణకి వచ్చి, అన్నీ విని, సాయంత్రం మెల్లగా అడిగాడు. “ఇవన్నీ కనిపెట్టి రాస్తే మా మీదకి రాదు కదా మేడమ్?” నా దగ్గర జవాబు లేదు. 2024 అక్టోబర్లో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా వచ్చినప్పుడు కూడా, చనిపోయింది ఎంతమంది, డయేరియాతోనా వేరే జబ్బుతోనా అన్న దాని మీదే ఎంత వాదులాట జరిగిందో చూశాం. చావుల లెక్కే తగాదా అయినచోట, జబ్బు రానివాళ్ల లెక్క ఎవరికి గుర్తొస్తుంది?

దీనికి తోడు టెలీకాన్ఫరెన్స్. మొదటి కేసు వచ్చిన మర్నాడు పదింటికి పైనుంచి వచ్చే ప్రశ్న: “కారణం ఏంటి?” చేతిలో పది పేర్లు కూడా లేని మెడికల్ ఆఫీసర్ టెన్షన్‌లో “వాటర్ కంటామినేషన్ సార్” అంటాడు. అంటే చాలు, ట్యాంకు కడుగుతారు, పైపు పనివాడికి మెమో వస్తుంది, ఫైలు మూసేస్తారు. నేను ఆ ఊళ్లో చేసిందీ అదే, నన్నెవరూ గద్దించకుండానే చేశాను. కాబట్టి శిక్షణ ఏఎన్ఎంకే ఇచ్చి ఊరుకుంటే లాభం లేదు. ఆమె రిపోర్టు చదివే ఆఫీసర్లని కూడా ఒక పూట నేల మీద కూర్చోబెట్టి చింతపిక్కలు ఇవ్వాలి. “ఇంకా తెలీదు సార్, రెండు అనుమానాలున్నాయి, రేపు సాయంత్రానికి చెప్తాం” అన్న మాటని పని చేస్తున్న మనిషి మాటగా వినడం వాళ్లకి అలవాటు కావాలి.

కారణం తెలిసినంత మాత్రాన అన్నీ చక్కబడతాయని కూడా నేను చెప్పలేను. ముజఫర్‌పూర్‌లో రాత్రి పిల్లలకి అన్నం పెట్టి పడుకోబెట్టమని, ఆసుపత్రికి రాగానే చక్కెర చూసి గ్లూకోజ్ ఎక్కించమని చెప్పాక చావులు తగ్గాయి. 2019లో మళ్లీ వందమందికి పైగా పిల్లలు పోయారు. రాత్రి అన్నం పెట్టమని చెప్పడం తేలికే, ఆ ఇంట్లో బియ్యం ఉండాలి.

నేను మొదట వెళ్లిన ఆ ఊరి సంగతీ అంతే. గుంతల మాట తేలాక పంచాయతీ వాళ్లు మట్టి పోయించారు, పల్లపు వీధికి పొద్దున ట్యాంకర్ పంపించారు, వారంలో కేసులు ఆగిపోయాయి. పైపులైను ప్రెషర్ పెంచడానికి ఎస్టిమేట్ వేసి పంపారని విన్నాను. మరుసటి ఏడాది ఏప్రిల్లో ఒక సాయంత్రం ఆ ఏఎన్ఎం ఫోన్ చేసింది. ఊళ్లో ఎవరికీ ఏమీ కాలేదు, కంగారు పడొద్దు అంది ముందే.

“గుంతలు మళ్లీ తవ్వుతున్నారు మేడమ్. ఇవాళ వీధంతా తిరిగి లెక్కపెట్టాను. పద్నాలుగు. ఏ ఇళ్లో కుడి పేజీలో రాసి పెట్టాను.”